హెడ్‌లైట్లు సరిచేసే బాధ్యత ఎవరిది?

పొద్దుగూకిన తర్వాత పల్నాడు రోడ్ల మీద సైకిలు మీద గాని, మోటారు సైకిలు మీద గాని ప్రయాణం చేసే వారందరికీ ఒక అనుభవం వున్నది. ఎదురుగా లారీ వస్తుంది. దాని దీపాలు రోడ్డు మీద పడవలసింది పోయి నేరుగా మనిషి ముఖాన పడతాయి. ఒక్కసారిగా కళ్లు బైర్లు కమ్ముతాయి. తారు ఎక్కడి వరకు వున్నదో, మార్జిను ఎక్కడ మొదలైందో, కల్వర్టు గోడ ఎటు వున్నదో తెలియదు. ఆగుదామంటే వెనుక వచ్చే బండి గుద్దుతుందేమోనని భయం. ఆగకుండా పోదామంటే ముందు ఏమున్నదో కనిపించదు. లారీ దాటిపోతుంది. దాని వెనుక చీకటి మునుపటి కంటె చిక్కగా వుంటుంది. ఆ మనిషి క్షేమంగా ఇల్లు చేరితే అతని అదృష్టం. చేరకపోతే మరునాడు పత్రికలో నాలుగు లైన్ల వార్త.

ఈ బాధ మిర్చి రోజులలో మరీ ఎక్కువ. సంక్రాంతి దాటిన దగ్గర నుంచి ఎండాకాలం దాకా కల్లాలలో ఆరిన కాయ టిక్కీలకెక్కి గుంటూరు యార్డుకు తరలుతూనే వుంటుంది. తెల్లవారేసరికి యార్డు చేరాలన్న తొందరతో చాలా బండ్లు రాత్రిపూటే కదులుతాయి. నార్కెట్‌పల్లి - అద్దంకి రోడ్డు మీద దాచేపల్లి, పిడుగురాళ్ల మీదుగా సిమెంటు, సున్నం, ధాన్యం లారీలు సరేసరి. చిలకలూరిపేట పక్క నుంచి పోయే 16వ నంబరు జాతీయ రహదారి, అంటే ఒకప్పటి 5వ నంబరు రోడ్డు, రాత్రీ పగలూ తేడా లేనిదే. ఈ బండ్ల మధ్యనే కోడి కూయకముందే కాయ కోతలకు బయలుదేరే కూలీల ఆటోలు పోవాలి. పాలక్యాన్ల సైకిళ్లు పోవాలి. నీటి వంతుకు పోయే రైతు చేతి లైటుతో రోడ్డు దాటాలి. గొర్రెల మంద ఒక పొలం నుంచి మరొక పొలానికి మారాలి. వీరికి ఇనుప క్యాబిను లేదు, ముందు అద్దం లేదు. వున్నవి రెండు కళ్లే. ఆ కళ్లను కూడా ఎదుటి దీపం లాక్కుంటే ఇక మిగిలేదేమిటి?

దేశం మొత్తం మీద 2022 సంవత్సరంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క చెప్పింది. రోజులోని ఇరవై నాలుగు గంటలను మూడేసి గంటల భాగాలుగా విడదీసి చూస్తే, సాయంత్రం 6 నుంచి రాత్రి 9 గంటల మధ్యనే అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదాలు నమోదైనాయి. వీటన్నిటికీ దీపాలే కారణమని ఎవరూ అనలేరు. కాని వూళ్లలోని వారు ఇళ్లకు తిరిగివచ్చే వేళా, లారీలు దీపాలు వేసుకునే వేళా అదేనన్నది మరువరాదు.

డిమ్ చేసినా ఎందుకు కొడుతున్నది?

ఎదుటి లైటు కంట్లో కొట్టగానే ఎవరికైనా తోచే మాట ఒకటే - డ్రైవరు డిమ్ చేయలేదని. ఇందులో సగమే నిజం. డిమ్ చేయని డ్రైవర్లు వున్న మాట వాస్తవమే. లారీల వెనుక ‘యూజ్ డిప్పర్ ఎట్ నైట్’ అని రంగులతో రాయించుకుని, ముందు మాత్రం బ్రైటు వేసుకుని పోయేవారు కోకొల్లలు. కాని డ్రైవరు మర్యాదగా డిమ్ చేసినా కళ్లు చెదిరే సందర్భాలు తక్కువేమీ కావు. అక్కడ తప్పు డ్రైవరు చేతిలోని స్విచ్చుది కాదు. దీపాన్ని బిగించిన తీరుది. మెకానిక్కులు దీన్నే ‘ఫోకసు తప్పింది’ అంటారు.

దీపం ఫోకసు ఎంత తప్పితే ఎంత హాని జరుగుతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. లారీ దీపం నేల నుంచి 1 మీటరు ఎత్తున వున్నదనుకుందాం. డిమ్ వెలుతురు పై అంచు నూటికి ఒక వంతు కిందికి వాలి వుంటే, అది 100 మీటర్ల దూరంలో రోడ్డును తాకుతుంది. నూటికి రెండు వంతులు వాలి వుంటే 50 మీటర్లలో తాకుతుంది. ఆ వాలు పోయి దీపం తిన్నగా చూస్తే వెలుతురు ఎంత దూరం పోయినా నేలను తాకదు. ఇంకొక్క డిగ్రీ పైకి లేచినదా, 100 మీటర్ల అవతల దాదాపు 2 మీటర్ల 75 సెంటీమీటర్ల ఎత్తుకు పోతుంది. అంటే ఎదురుగా వచ్చే సైకిలు మనిషి, ఆటో డ్రైవరు, బస్సు డ్రైవరు - ముగ్గురి కళ్లూ ఆ వెలుతురులో మునిగినట్లే. ఒక్క డిగ్రీ అంటే దీపం వెనుక వున్న స్క్రూ కాస్త తిరగటమే. పక్కన నిలబడి చూసిన వారికి ఆ తేడా కనిపించదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా పోతుంది. చెదిరిన చూపు తిరిగి కుదుటపడటానికి మూడే సెకన్లు పట్టిందనుకున్నా, ఆ బండి 50 మీటర్లు గుడ్డిగా పోయినట్లే. వయసు మళ్లిన వారికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. కంట్లో శుక్లాలు వున్న వారికి ఎదుటి వెలుతురు చెదిరి మంచుతెర పరచినట్లుంటుంది. ఆ 50 మీటర్లలో దీపం లేని ఎడ్లబండి వుండవచ్చు, పంక్చరు పడి ఆగిన ట్రాక్టరు వుండవచ్చు, రోడ్డు దాటుతున్న పసివాడు వుండవచ్చు.

ఫోకసు తప్పేది ఎక్కడ?

లారీ కొన్న రోజున దీపాలు సరిగానే వుంటాయి. ఆ తర్వాత గుంతలలో పడి లేచే ప్రతిసారీ స్క్రూలు కాస్త కాస్త వదులవుతాయి. ముందు బంపరుకు దెబ్బ తగిలితే దీపం గూడు పక్కకు తిరుగుతుంది. పగిలిన లైటు స్థానంలో ఇంకొకటి తెచ్చి, బిగించే చెవులు విరిగితే తీగతో కట్టి నడిపించటం మామూలే. బల్బుకు వుండే మూడు చెవులు హోల్డరులో సరిగా కూర్చోకపోయినా వెలుతురు ఎటు పోవాలో అటు పోదు. ఎదురు వచ్చే వారికి ఆ దీపం బల్బు చేయవలసిన పని చేయక, కేవలం మంటలా కనిపిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద కారణం లోడు. ఈ సంగతి రైతులకు విడమరచి చెప్పవలసిన పనిలేదు. ఎడ్లబండికి వెనుక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది. లారీ కూడా అంతే. వెనుక టిక్కీలు పడేకొద్దీ కమాన్ కట్టలు అణిగి వెనుక భాగం దిగుతుంది, మూతి పైకి లేస్తుంది. మూతితో పాటు దీపాలు కూడా లేస్తాయి. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య 4 మీటర్లు వున్న బండిలో, ముందు భాగం కంటె వెనుక భాగం 4 సెంటీమీటర్లు ఎక్కువ దిగితే చాలు, దీపానికి వుండవలసిన నూటికి ఒక వంతు వాలు కాస్తా హరించుకుపోతుంది. షెడ్డులో ఖాళీ బండికి చేసిన సెట్టింగు లోడు పడిన బండికి పనికిరాకుండా పోవటం ఇందువల్లనే.

కొన్ని కొత్త లారీలలో ఇందుకు విరుగుడు వున్నది. డ్రైవరు ముందు బోర్డు మీద సున్నా నుంచి మొదలయ్యే అంకెలతో ఒక చిన్న చక్రం వుంటుంది. లోడు పెరిగేకొద్దీ దాన్ని పై అంకెకు తిప్పితే దీపాలు కిందికి వాలుతాయి. అది దేనికోసమో తెలియక ఏళ్ల తరబడి ముట్టుకోని డ్రైవర్లు వుంటే, తెలియచెప్పని యజమానిదే ఆ తప్పు.

బల్బుల పిచ్చి

దీనికి తోడు బల్బుల పిచ్చి ఒకటి పట్టుకున్నది. లారీలలో సాధారణంగా వాడే 24 వోల్టుల హాలోజన్ బల్బు బ్రైటులో 75 వాట్లు, డిమ్‌లో 70 వాట్లు తీసుకుంటుంది. ట్రాక్టర్లు, చిన్న బండ్లలో వుండే 12 వోల్టుల బల్బుకు ఇవే 60, 55 వాట్లు. ఇది చాలదని 100 వాట్ల బల్బులు వేయిస్తున్నారు. వైర్లు, స్విచ్చి ఆ కరెంటుకు తట్టుకోలేక వేడెక్కి కాలిపోయే ప్రమాదం వున్నది. మరికొందరు హాలోజన్ బల్బు కోసం చేసిన గూట్లోనే ఎల్.ఇ.డి. బల్బులు దూర్చి తెల్లటి వెలుతురు చూసుకుని మురిసిపోతున్నారు.

హాలోజన్ బల్బులో తీగ ఎక్కడ వెలుగుతుందో ఆ చోటును మిల్లీమీటర్ల లెక్కన చూసుకుని వెనుక అద్దాన్ని తయారు చేస్తారు. డిమ్ తీగ కింద చిన్న రేకు గిన్నె ఒకటి వుంటుంది. వెలుతురు పైకి పోకుండా అడ్డుకునేది అదే. 1970, 80 దశకాలలో లారీల, బస్సుల హెడ్‌లైట్ల మీద నల్లరంగు పూయటం చూసినవారు పల్లెలలో ఇంకా వున్నారు. ఆనాడు అద్దం మీద నల్లరంగు చేసిన పనిని ఈ బల్బులో లోపలి గిన్నె చేస్తున్నది. దీనికి పొంతన లేని ఎల్.ఇ.డి. దూర్చితే వెలుగు పుట్టే చోటు మారిపోయి, కాంతి నాలుగు దిక్కులా చిమ్ముతుంది. అటువంటి లైటుకు ఎన్ని స్క్రూలు తిప్పినా ఫోకసు కుదరదు. కంపెనీ నుంచి ఎల్.ఇ.డి. దీపాలతోనే వచ్చిన బండ్ల సంగతి వేరు. వాటికి అద్దమూ గూడూ ఆ వెలుగుకు తగినట్లే చేసి వుంటాయి.

చట్టం వున్నది, చూపు లేదు

ఈ విషయంలో చట్టం లేదని ఎవరూ తప్పించుకోలేరు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 106వ నిబంధన ఇందుకే వున్నది. దీపానికి 8 మీటర్ల ముందు, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున కన్ను వుండే మనిషికి చూపు చెదరకుండా వెలుతురు కిందికి వంగి వుండాలి, లేదా డ్రైవరు కిందికి వంచగలిగేలా వుండాలి అని దాని సారాంశం. ఒకటిన్నర మీటర్ల ఎత్తు అంటే రోడ్డు పక్కన నడిచే మనిషి కన్ను, సైకిలు తొక్కే మనిషి కన్ను. చట్టం రాసినవారి మనసులో వున్నది ఈ సామాన్యుడే. తయారీదారు నిర్ణయించిన దానికి విరుద్ధంగా బండిని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది.

రవాణా బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు కూడా తప్పనిసరి. కొత్త బండికి రెండేళ్లకు ఇస్తారు. బండి వయసు ఎనిమిదేళ్లు దాటేవరకు రెండేళ్లకొకసారి, దాటిన తర్వాత ఏడాదికొకసారి దాన్ని తిరగరాయించుకోవాలి. ఈ పరీక్షలో హెడ్‌లైట్లను చూడటం కూడా ఒక భాగమే. కాని ఫిట్‌నెస్‌కు పోయేది ఖాళీ బండి. పోయేది పగటివేళ. సర్టిఫికెట్టు చేతికి వచ్చిన నెలకే గుంతల రోడ్డు స్క్రూలను వదులు చేస్తే, తక్కిన పదకొండు నెలలు ఆ కాగితం దీపాన్ని సరిచేయలేదు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు రోడ్డు మీద బండి ఆపినప్పుడు కాగితాలు చూస్తారు, లోడు చూస్తారు. దీపం ఎటు చూస్తున్నదో చూడాలంటే చీకటి కావాలి, గోడ కావాలి. అవి రోడ్డు మీద ఎక్కడ దొరుకుతాయి?

ఒక గోడ, రెండు గీతలు

ఈ జబ్బుకు మందు మాత్రం చాలా చౌక. అరగంట పని. కావలసినవి చదునైన నేల, తెల్లసున్నం వేసిన గోడ, సుద్దముక్క, టేపు, స్క్రూ డ్రైవరు.

ముందుగా టైర్లలో గాలి సరిచూడాలి. దీపాల అద్దాలు తుడవాలి. బండిని గోడకు ఆనేంత దగ్గరగా నిలిపి, రెండు దీపాల నడిబొడ్డు ఎక్కడ వున్నదో గోడ మీద రెండు గుర్తులు పెట్టాలి. ఆ రెంటినీ కలుపుతూ అడ్డగీత గీయాలి. ఒక్కొక్క గుర్తు మీదుగా నిలువు గీత కూడా గీయాలి. తర్వాత బండిని తిన్నగా 25 అడుగులు వెనక్కి తీసుకుపోవాలి. 25 అడుగులంటే 300 అంగుళాలు. నూటికి ఒక వంతు వాలు కావాలంటే పై గీతకు 3 అంగుళాల కింద, రెండు వంతులు కావాలంటే 6 అంగుళాల కింద రెండో అడ్డగీత గీయాలి. దీపం ఎత్తు ఎక్కువైన కొద్దీ వాలు కూడా ఎక్కువ కావాలి. ఏ బండికి ఎంతో కంపెనీ పుస్తకంలో వుంటుంది. కొన్ని బండ్లకు దీపం దగ్గరే అచ్చువేసి వుంటుంది.

ఇక డిమ్ లైటు వేసి, ఒక దీపానికి అడ్డంపెట్టి రెండోదాన్ని చూడాలి. గోడ మీద వెలుతురుకు స్పష్టమైన పై అంచు కనిపిస్తుంది. డ్రైవరు సీట్లో నుంచి చూస్తే ఆ అంచు కుడివైపు తిన్నగా వుండి, ఎడమవైపు కాస్త పైకి లేస్తుంది. మన దేశంలో బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి గనుక మార్జినులో నడిచేవారు కనపడాలని ఎడమకు ఎక్కువ వెలుతురు, ఎదురు వచ్చేవారి కళ్లు కాపాడాలని కుడికి తక్కువ వెలుతురు వుండేలా దీపాన్ని చేస్తారు. తిన్నగా వున్న అంచు కింది గీత మీద కూర్చోవాలి. వంపు మొదలయ్యే చోటు నిలువు గీతకు ఎదురుగా వుండాలి. ఎత్తు తగ్గించటానికి ఒక స్క్రూ, పక్కకు జరపటానికి ఇంకొక స్క్రూ వుంటాయి. అలాగే రెండో దీపం. అంతటితో పని అయిపోతుంది.

అసలు మాట ఏమంటే, ఈ పని జరగవలసిన చోటు షెడ్డు కాదు, లోడు ఎత్తే చోటు. రాత్రిపూట రోడ్డెక్కేది లోడు బండి గనుక, లోడు పడిన తర్వాతనే దీపాన్ని చూడాలి. అంకెల చక్రం వున్న బండి అయితే దాన్ని తిప్పి గోడ మీద సరిచూసుకుంటే చాలు. లేని బండికి స్క్రూ తిప్పాలి, ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ చూసుకోవాలి. లోడు ఎత్తే చోట బండి ఎటూ ఆగే వుంటుంది. చిట్టీ రాసేవరకు, తాడు బిగించేవరకు డ్రైవరు, క్లీనరు అక్కడే కాచుకుని వుంటారు. బయటి జిల్లా లారీ అయినా, బయటి రాష్ట్రం లారీ అయినా సరుకు కోసం అక్కడికి రావలసిందే. యజమాని ఎక్కడో వున్నా బండి మాత్రం అక్కడ చేతికి చిక్కుతుంది.

అందుచేత ప్రతి మార్కెట్ యార్డులో, కోల్డ్ స్టోరేజీలో, రైసు మిల్లులో, సున్నం బట్టీల దగ్గర, లారీ కాటాల దగ్గర ఒక గోడకు సున్నం వేసి గీతలు గీయించాలి. ముందు 25 అడుగుల చదును నేల వదిలి, బండి ఎక్కడ ఆగాలో గీత పెట్టాలి. బరువు తూచే కాటా వూరూరా వెలసింది. వెలుతురు తూచే గోడ మాత్రం వెతికినా కానరావటం లేదు. టిక్కీలో అరకిలో తేడా వస్తే గొడవపడే చోట, మనిషి ప్రాణానికి సంబంధించిన తేడాను ఎవరూ పట్టించుకోకపోవటం శోచనీయం.

డ్రైవర్లు చెప్పే మాట

డ్రైవర్ల వాదన కూడా వినవలసిందే. దీపం దించితే గుంతలు కనపడవని వారంటారు. గుంత ఆకాశంలో లేదు, రోడ్డు మీద వున్నది. పైకి లేచిన దీపం చెట్ల కొమ్మలను చూపుతుందే గాని ముందున్న గుంతను సరిగా చూపలేదు. ఫోకసు సరిచేయించిన తర్వాత రోడ్డు మునుపటి కంటె బాగా కనపడుతుంది. జనవరి పొగమంచులో ఇది మరీ స్పష్టం. పైకి లేచిన వెలుతురు మంచు మీద పడి తిరిగి డ్రైవరు కళ్లలోనే కొడుతుంది.

ఎదుటివాడు దించకపోతే మనమెందుకు దించాలన్నది రెండో వాదన. ఎదుటివాడి దీపం వల్ల ఒకరికి చూపు పోయింది. పోటీకి మనమూ బ్రైటు వేస్తే ఇద్దరికీ చూపు పోతుంది. చూపులేని రెండు బండ్లు ఒకే రోడ్డు మీద ఎదురుపడటం కంటె ఒక్కరికైనా దారి కనపడటం ఇద్దరికీ మేలు. అటువంటప్పుడు వేగం తగ్గించి, ఎదుటి దీపాల వంక చూడకుండా ఎడమ పక్క రోడ్డు అంచును చూస్తూ సాగటం మంచిది.

మూడో మాటలో మాత్రం న్యాయం వున్నది. ట్రిప్పుల లెక్కన జీతం తీసుకునే డ్రైవరుకు దీపాల కోసం ఆగితే కూలి పడదు. బల్బు మార్చటానికైనా యజమాని అనుమతి కావాలి. కనుక తప్పంతా డ్రైవరు నెత్తిన రుద్దటం తగదు. అద్దం పగిలిన లైటును, చెవులు విరిగిన గూడును మార్పించవలసినది యజమాని. లారీలకు పేరుపడిన చిలకలూరిపేట వంటి వూళ్లలోని యజమానులే ముందుకు వచ్చి, టైర్లతో పాటు దీపాలు కూడా చూసిన తర్వాతనే బండి కదలాలని కట్టుబాటు చేసుకుంటే తక్కిన వారు అనుసరిస్తారు.

వూరి వంతు

లారీలను అనేముందు పల్లెలు తమ బండ్లను కూడా చూసుకోవాలి. ట్రైలరు నిండా సరుకెత్తిన ట్రాక్టరు దీపాలు కూడా ఫోకసు తప్పవచ్చు. దుక్కికి వాడే వెనుక లైటును రోడ్డు మీద కూడా వెలిగించి పోతే వెనుక వచ్చేవారికి అది హెడ్‌లైటుతో సమానం. ఎరుపు లైటు ఏదో తెలియక, బండి ఎదురు వస్తున్నదో ముందు పోతున్నదో తేల్చుకోలేక గుద్దే ప్రమాదం వున్నది. ట్రైలరు వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు లేకపోవటం, వున్నవి బురద కొట్టుకుని వుండటం మన తప్పే. ఎడ్లబండి వెనుక చక్రాల పైన మెరిసే ఎర్ర పట్టీ అంటించటానికి పెద్ద ఖర్చు కాదు. రోడ్డు మార్జిను మీద కాయో, మొక్కజొన్నో ఆరబోసి రాత్రికి రాళ్లు పెట్టి పోవటం మరింత ప్రమాదం. లారీ దీపం కొట్టిన కంటికి ఆ రాయి కనిపించదు.

రాత్రి నడిచే వారు కుడి పక్కన, అంటే ఎదురు వచ్చే బండ్లకు అభిముఖంగా నడవటం మేలు. ముదురు రంగు బట్టల కంటె తెల్లటి కండువా దూరం నుంచి కనపడుతుంది. ఇవన్నీ పెద్దలకు తెలిసిన మాటలే. ఆచరణలో పెట్టటమే కావాలి.

గడువు దగ్గరలోనే వున్నది

పల్నాడు ప్రాంతం 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా జిల్లా అయింది. జిల్లా యంత్రాంగం, రవాణా శాఖ, మార్కెట్ కమిటీలు కలిసి కూర్చుంటే ఈ పనికి ప్రత్యేక నిధులు అడగవలసిన అవసరం లేదు. గోడలు వున్నాయి, సున్నం వున్నది, స్క్రూ డ్రైవరు పట్టే మెకానిక్కులు ప్రతి సెంటరులో వున్నారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు మిర్చి రోజులలో వారానికి ఒక సాయంత్రం యార్డు గేటు దగ్గర నిలబడి, ముందు సరిచేయించి, వినని వారికి తర్వాత జరిమానా రాస్తే డ్రైవర్లు కూడా హర్షిస్తారు. జరిమానా రాసి వదిలేస్తే ఆ దీపం అలాగే రోడ్డెక్కి మరొకరి కళ్లలో కొడుతుంది.

ఏటా మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వూరూరి నుంచి ప్రభలు కదులుతాయి. ఆ రాత్రి నరసరావుపేట, చిలకలూరిపేట, వినుకొండ రోడ్లన్నీ నడిచే జనంతో, ట్రాక్టర్లతో, బండ్లతో నిండిపోతాయి. మిర్చి లారీలు ముమ్మరంగా తిరిగే రోజులు కూడా అవే. పసిపిల్లలను భుజాన వేసుకుని చీకట్లో కొండ నుంచి తిరిగి వచ్చే తల్లులు రోడ్డు మార్జిను మీదనే నడవాలి. తిరునాళ్లకు పది రోజుల ముందుగానే జిల్లాలోని యార్డులలో, కాటాలలో ఈ గోడలు సిద్ధం కావాలి. లోడెత్తిన ప్రతి బండీ ఆ గోడ ముందు ఒక్క నిమిషం ఆగి, దీపం ఎటు చూస్తున్నదో చూసుకుని కదలాలి. ఆ ఒక్క నిమిషం వల్ల సరుకు యార్డుకు చేరటం ఆలస్యం కాదు. రోడ్డు మీద వున్న మనిషి మాత్రం ఇంటికి చేరతాడు.